అమ్మ ఉన్న కేర్ హోమ్‌లో బెడ్ సోర్... వాళ్లని ఏమని అడగాలి?

విభాగం: పెద్దవాళ్ల ఆరోగ్యం, సంరక్షణ

కృష్ణలంక కుర్రాడు | ఆదివారం, రాత్రి 11:42

అందరికీ నమస్కారం. కొత్తగా చేరాను, పొడుగ్గా రాస్తే ఓపిక పట్టండి.

మా అమ్మకి 74. కిందటేడు పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయింది. మాట ముద్దగా వస్తుంది కానీ అన్నీ తెలుస్తాయి. షుగర్ ఉంది. నేను పుణెలో ఉంటాను. హైదరాబాద్‌లో మా అక్క చూసుకునేది. బావగారికి ముంబై ట్రాన్స్‌ఫర్ కావడంతో ఎనిమిది నెలల క్రితం సిటీ శివార్లలో ఒక కేర్ హోమ్‌లో చేర్చాం. నెలకు 38 వేలు, డైపర్లు, మందులు విడిగా. చేర్చేముందు లాన్, చిన్న గుడి, ఫిజియోథెరపీ గది అన్నీ తిప్పి చూపించారు.

ప్రతి ఆదివారం వీడియో కాల్ చేయిస్తారు. అమ్మకి తల దువ్వి, బొట్టు పెట్టి, ఉతికిన దుప్పటి కప్పి ఉంచుతారు. బాగానే ఉందనుకున్నాం. నిన్న ఆఫీసు పని మీద వచ్చి, చెప్పకుండా వెళ్లాను. వెల్లకిలా పడుకుని మొహం ముడుచుకుంటోంది. ఎక్కడమ్మా నొప్పి అంటే ఎడమ చేత్తో నడుము కింద చూపించింది. ఆయాని పిలిచి పక్కకి తిప్పించి చూస్తే తోక ఎముక దగ్గర రూపాయి బిళ్లంత పుండు. చర్మం లేచిపోయింది, మధ్యలో పసుపు పచ్చగా ఏదో అంటుకుని ఉంది. దాని మీద టాల్కం పౌడర్ చల్లారు. వీడియో కాల్‌లో వీపు కనపడదు కదా!

మేనేజర్‌ని అడిగితే "షుగర్ ఉన్నవాళ్లకి మామూలే సార్, మేం ఎయిర్ బెడ్ కూడా వేశాం" అన్నాడు. నిజంగా మామూలేనా? లేక వాళ్ల నిర్లక్ష్యమా? వెంటనే మార్చేయాలా? రాత్రి నుంచి నిద్ర లేదు.

వార్డు సిస్టర్ | సోమవారం, ఉదయం 6:15

నైట్ డ్యూటీ దిగి ఇప్పుడే చూశాను బాబూ. 19 ఏళ్లుగా వార్డుల్లోనే ఉన్నాను, ఎక్కువ మెడికల్, న్యూరో.

ముందు ఆ "షుగర్ వల్ల" మాట సంగతి. షుగర్ ఉంటే పుండు మానడం ఆలస్యమవుతుంది, తొందరగా ముదురుతుంది. కానీ పుండు పుట్టించేది ఒత్తిడి. ఎముక మీద ఉన్న చర్మం గంటల తరబడి ఒకేచోట నలిగితే అక్కడికి రక్తం అందదు, చర్మం చచ్చిపోతుంది. దానికి తోడు తడి డైపర్, పైకి లాగేటప్పుడు పక్క మీద ఒరుసుకోవడం.

ఎర్రగా ఉన్నచోట వేలితో నొక్కి వదలండి. ఒక్క క్షణం తెల్లబడి మళ్లీ ఎర్రబడితే ఇంకా ఫర్వాలేదు. నొక్కినా తెల్లబడకపోతే అది మొదటి స్టేజీ. పైచర్మం పోయినా, నీటి బొబ్బ లేచినా రెండు. లోపల కొవ్వు కనిపిస్తే మూడు. కండరం, ఎముక కనిపిస్తే నాలుగు. మీరు చెప్పిన పచ్చటిది చచ్చిన కణజాలం, స్లఫ్ అంటాం. రెండో స్టేజీలో అది ఉండదు. కాబట్టి పైకి రూపాయి బిళ్లంతే ఉన్నా లోతు ఇంకా ఎక్కువే అయి ఉండొచ్చు. హోమ్ వాళ్ల డాక్టర్ ఫోన్‌లో చెప్పే మాటతో ఆగకండి, ఒక సర్జన్ స్వయంగా చూడాలి. వాసన, జ్వరం, చుట్టూ ఎరుపు పాకడం, మనిషి మగతగా ఉండటం, వీటిలో ఏది కనిపించినా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి.

పౌడర్ ఆపించండి. స్పిరిట్ రాయడం, ఎర్రబడిన చోట మర్దన చేయడం, మధ్యలో చిల్లున్న గాలి రింగు వేయడం, ఇవన్నీ పాత అలవాట్లు, చెరుపే చేస్తాయి. ఎయిర్ బెడ్ మంచిదే కానీ అది వేశాక పక్క మార్చక్కర్లేదని ఎవరు చెప్పారు వాళ్లకి? మామూలుగా రెండు గంటలకోసారి తిప్పాలి. మంచి పరుపు ఉంటే, చర్మం చూసి ఆ వ్యవధి కొంచెం పెంచుతారు. పూర్తిగా పక్కకి కాకుండా, వీపు వెనక దిండు పెట్టి 30 డిగ్రీలు వాల్చితే చాలు. పిక్కల కింద దిండు పెట్టి మడమలు గాల్లో ఉంచాలి. మడమలు చూశారా? అందరూ నడుము చూసి ఆగిపోతారు.

పక్క మార్చిన చార్టు ఇమ్మనండి. ఇస్తే ఇంకు చూడండి. 12, 2, 4, 6 అని రాత్రంతా ఒకే పెన్నుతో, ఒకే చేతిరాతతో, ఒకే ఒత్తిడితో ఉంటే అది పొద్దున టీ తాగుతూ నింపిన చార్టు. మేమూ చేశాం కాబట్టే తెలుసు.

ఊరు వదలనోడు | సోమవారం, ఉదయం 8:50

కన్నతల్లిని 38 వేలకి ఎవరికో అప్పజెప్పి, ఇప్పుడు వాళ్లు సరిగా చూడలేదని బాధపడితే ఎలా సార్? మా నాన్నగారిని చివరిదాకా మేమే చూసుకున్నాం. డబ్బుతో ప్రేమ కొనలేం.

మూడో కోడలు | సోమవారం, ఉదయం 9:31

అన్నగారూ, "మేమే చూసుకున్నాం" అన్నారు. ఆ మేములో డైపర్ మార్చింది మీరా, వదినగారా? ఊరికే అడుగుతున్నా.

మా అత్తగారిని నాలుగేళ్లు ఇంట్లోనే చూశాను. మంచం మీద పడ్డ రెండో నెలలోనే ఆవిడకీ పుండు వచ్చింది. ఇంట్లో ఉంటే రాదని ఎవరన్నారు? నేనొక్కదాన్ని, ఆవిడ 70 కిలోలు. రాత్రి రెండింటికి అలారం పెట్టుకుని లేచి తిప్పేదాన్ని. కొన్ని రాత్రులు అలారం మోగినా లేవలేకపోయాను. నా నడుము డిస్కు ఇప్పటికీ బాగాలేదు. బత్తాయిలు పట్టుకుని చూడ్డానికి వచ్చినవాళ్లంతా సలహా చెప్పి కాఫీ తాగి వెళ్లేవారు, ఒక్కరూ ఒక్క రాత్రి ఉండలేదు.

కుర్రాడు గారూ, ఆ మాటలు పట్టించుకోకండి. సిస్టర్ గారు చెప్పినట్టు ముందు డాక్టర్‌ని చూపించండి. మా అత్తగారికి గుడ్డు, పప్పు, పాలు పెంచాకే పుండు మానడం మొదలైంది. మీ అమ్మగారు తింటున్నారా? బరువు చూస్తున్నారా?

ఇరవై రెండు మంచాలు | సోమవారం, మధ్యాహ్నం 2:20

నేను గోదావరి జిల్లాల్లో ఒక హోమ్ నడుపుతాను. అటు పక్కవాడి మాట కూడా ఒకటి ఉండాలి కదా అని రాస్తున్నా, తిట్టాలనుకుంటే తిట్టండి.

నా దగ్గర 22 మంది. అందులో 9 మంది మంచం దిగలేరు. ఒక మనిషిని తిప్పి, డైపర్ చూసి, దిండ్లు సర్దేసరికి 8 నిమిషాలు పడుతుంది. తొమ్మిది మందికి 72 నిమిషాలు. రెండు గంటల్లో 72 నిమిషాలు దానికే. మిగతా 48 నిమిషాల్లో బాత్‌రూమ్‌కి తీసుకెళ్లేవాళ్లు, దగ్గేవాళ్లు, ఇంటికి వెళ్తానని లేచి గేటు దగ్గరికి పోయేవాళ్లు. పైగా తిప్పడానికి ఇద్దరు కావాలి. ఒక్కతే అయితే ఎత్తలేదు, లాగుతుంది. ఆ లాగుడుకే చర్మం చిరుగుతుంది. అంటే ఇంతమందికి రాత్రి కనీసం ఇద్దరు ఆయాలు, ఒక నర్సు ఉండాలి. నేను అలా ఉంచేదాకా నాకూ పుండ్లు వచ్చాయి, దాచను.

చాలా హోమ్‌లలో పగలు ఆరుగురు కనపడతారు, రాత్రి ఒక్కతే. చూడ్డానికి వచ్చేవాళ్లు పగలే వస్తారు కాబట్టి డబ్బు పగటికి, పెయింటుకి, లాన్‌కి పోతుంది. ఆయా ఏజెన్సీ నుంచి వస్తుంది, పక్క హోమ్‌లో రెండు వేలు ఎక్కువిస్తే నెలకే వెళ్లిపోతుంది. కొత్తమ్మాయికి ఏ పేషెంట్‌కి ఏ పక్క పడిపోయిందో కూడా తెలియదు. చేర్చేటప్పుడు నన్ను మెనూ అడుగుతారు, ఏసీ ఉందా అంటారు. "రాత్రి రెండింటికి ఎంతమంది మేలుకుని ఉంటారు, మంచం దిగలేనివాళ్లు ఎంతమంది" అని పదేళ్లలో ముగ్గురు అడిగి ఉంటారేమో.

పుండు రావడం కంటే నాకు కోపం తెప్పించింది, మీరు వెళ్లి చూసేదాకా మీకు చెప్పకపోవడం. ఎర్రబడిన రోజే ఫోన్ రావాలి. పడ్డా, పుండొచ్చినా, మందు మారినా ఆ రోజే ఇంటికి ఫోన్ చేయాలి. చెప్పని హోమ్ ఇంకేం దాస్తోందో మీకెలా తెలుస్తుంది?

డాలస్ థెరపిస్ట్ | సోమవారం, రాత్రి 9:05

నేను అమెరికాలో నర్సింగ్ హోమ్‌లో ఫిజికల్ థెరపిస్ట్‌గా చేస్తున్నాను. మొదట్లో ఇంటికి ఫోన్ చేసి "నర్సింగ్ హోమ్‌లో పని" అంటే మా అమ్మ "ఎన్ని పడకలు, ఆపరేషన్లు చేస్తారా" అని అడిగింది. మన దగ్గర ఆ మాటకి చిన్న ప్రైవేటు ఆసుపత్రి అని అర్థం కదా. ఇక్కడ అది పెద్దవాళ్లు ఏళ్ల తరబడి ఉండే చోటు.

ఇక్కడ 1987లో ఫెడరల్ చట్టం వచ్చింది. సిబ్బంది సౌకర్యం కోసం పేషెంట్‌ని మంచానికి కట్టకూడదు, మందులిచ్చి పడుకోబెట్టకూడదు, ప్రతి మనిషికీ ఒక కేర్ ప్లాన్ ఉండాలి. సుమారు ఏడాదికోసారి ఇన్‌స్పెక్టర్లు చెప్పకుండా వస్తారు. వాళ్లు రాసిన తప్పులు ఎవరైనా ఆన్‌లైన్‌లో చదువుకోవచ్చు. 2008 నుంచి ఒకటి నుంచి ఐదు స్టార్లు ఇస్తున్నారు. సిబ్బంది గంటలు కూడా హోమ్ నోటిమాట కాదు, జీతాల లెక్కల నుంచి తీస్తారు.

అంతా బంగారం అనుకోకండి. స్టార్లలో కొంత భాగం హోమ్ వాళ్లు తామే పంపిన వివరాల మీద ఆధారపడుతుంది. 2024లో ఒక్కో పేషెంట్‌కి రోజుకు కనీసం 3.48 గంటల నర్సింగ్ సేవ ఉండాలని రూల్ తెచ్చారు. హోమ్‌ల సంఘాలు కోర్టుకెళ్లాయి, 2025లో ఇక్కడి టెక్సాస్ కోర్టే దాన్ని కొట్టేసింది. అంటే ఇక్కడా చివరికి గొడవ మనుషుల సంఖ్య దగ్గరే. బెడ్ సోర్లు ఇక్కడా చూస్తున్నాను.

ఒక్క తేడా చెప్తా. చేరిన రోజే నర్సు బ్రేడెన్ స్కేల్ వేస్తుంది. స్పర్శ తెలుస్తుందా, తడి, కదలిక, తిండి లాంటి ఆరు అంశాలు, మొత్తం 23 మార్కులు. 18 లేదా అంతకన్నా తక్కువొస్తే పుండు వచ్చే ప్రమాదం ఉన్నట్టు లెక్క. మీ అమ్మగారికి ఎంత వేశారో అడగండి. ఆ పేరే వినలేదంటే మీకు సమాధానం దొరికినట్టే. ఇంకోటి, ఆదివారం సాయంత్రమో, రాత్రి భోజనాల వేళో వెళ్లండి. ఇక్కడైనా అక్కడైనా మనుషులు పలచబడేది అప్పుడే.

కృష్ణలంక కుర్రాడు | మంగళవారం, ఉదయం 7:10

అందరికీ థాంక్స్. టికెట్ వాయిదా వేసుకున్నాను, ఇవాళ సర్జన్ దగ్గరికి తీసుకెళ్తున్నా. థెరపిస్ట్ గారూ, మన దగ్గర అలాంటి స్టార్లు, తనిఖీలు ఏవీ లేవా? ఎవరికి కంప్లైంట్ ఇవ్వాలి?

కోర్టు మెట్లు | మంగళవారం, ఉదయం 11:25

నేను ప్రాక్టీస్ చేస్తున్న లాయర్‌ని. పొడిపొడిగా చెప్తా.

2007లో తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం వచ్చింది. అందరూ దాని పేరే చెప్తారు. కానీ దాని కింద ఆర్డీవో స్థాయి అధికారి నడిపే ట్రిబ్యునల్ ప్రధానంగా పిల్లల నుంచో, ఆస్తి దక్కే బంధువుల నుంచో పోషణ ఇప్పించడానికి. ప్రతి జిల్లాలో కనీసం 150 మంది పేద వృద్ధులకు ప్రభుత్వం హోమ్ పెట్టొచ్చని 19వ సెక్షన్ అంటుంది. డబ్బు తీసుకుని నడిపే ప్రైవేటు హోమ్‌లో రాత్రి ఎంతమంది ఉండాలో అందులో ఒక్క ముక్క లేదు. ఆ లోటు పూడ్చడానికి 2019 డిసెంబరులో లోక్‌సభలో సవరణ బిల్లు పెట్టారు. హోమ్‌లకీ, ఇంటికి మనుషుల్ని పంపే ఏజెన్సీలకీ రిజిస్ట్రేషన్, కనీస ప్రమాణాలు అందులో ఉన్నాయి. అది పాసవకుండానే 2024లో ఆ లోక్‌సభ ముగియడంతో మురిగిపోయింది.

అందుకని మీకు మిగిలిన దారులు ఇవి. హోమ్ వాళ్లు బోర్డు మీద వైద్యం, నర్సింగ్, ఐవీ, ట్యూబ్ ఫీడింగ్ అని రాసుకుంటే వైద్య సంస్థగా రిజిస్టరయ్యారా అని జిల్లా వైద్య ఆరోగ్యాధికారిని, అంటే డీఎంహెచ్‌వోని రాతపూర్వకంగా అడగండి. రెండోది వినియోగదారుల కమిషన్. డబ్బు తీసుకుని ఇచ్చిన సేవలో లోపం కాబట్టి వెళ్లొచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక ఫిర్యాదుదారు ఉండే ఊళ్లోనే వేసుకోవచ్చు, ఆన్‌లైన్‌లోనూ వేయొచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షలు దాటకపోతే ఫీజు లేదు. గడువు రెండేళ్లు. మూడోది, 14567 ఎల్డర్ లైన్, పెద్దవాళ్ల కోసం హెల్ప్‌లైన్. ఉచితం. ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకా పలుకుతారు.

ఇవన్నీ తర్వాత. ఇవాళ చేయాల్సింది, పుండు పక్కన స్కేలు పెట్టి తేదీ కనపడేలా ఫొటో, సర్జన్ రాసిన కాగితం, చార్టుల కాపీలు. మేనేజర్‌తో నోటితో మాట్లాడిందంతా రాత్రికి ఒక మెయిల్‌గా పెట్టండి, "మీరు ఈరోజు ఇలా అన్నారు" అని. చేర్చేటప్పుడు సంతకం పెట్టిన అగ్రిమెంట్ తీసి చదవండి. "ఏం జరిగినా యాజమాన్యానికి సంబంధం లేదు" అని ఉంటే భయపడకండి, ఆ ఒక్క వాక్యంతో నిర్లక్ష్యం మాసిపోదు.

కొబ్బరితోట | మంగళవారం, సాయంత్రం 5:48

టాపిక్ కొంచెం పక్కకి పోతుందేమో, క్షమించండి. మా నాన్నగారికి మతిమరుపు జబ్బు. హోమ్‌లో చేర్చిన నెలకే చాలా శాంతంగా మారిపోయారు. ఎప్పుడు వెళ్లినా నిద్రే. అబ్బ, ఇక్కడ బాగా కుదురుకున్నారని సంతోషపడ్డాం కూడా. తర్వాత బాత్‌రూమ్‌కి లేస్తూ పడి తుంటి విరిగింది. ఆసుపత్రిలో మందుల కాగితం అడిగితే అప్పుడు బయటపడింది, రాత్రి తిరుగుతున్నారని రెండు పూటలా మత్తు మాత్ర వేస్తున్నారు. రాసిందెవరో ఎవరూ చెప్పలేదు. చేతి మీద పాత చీర ముక్కతో కట్టిన గుర్తు కూడా ఉంది. నాకు ఇప్పటికీ ఆ "శాంతంగా ఉన్నారు" అన్న మాట గుర్తొస్తే కడుపు మండిపోతుంది.

వార్డు సిస్టర్ | మంగళవారం, రాత్రి 7:30

పక్కకి పోలేదమ్మా, ఇది కూడా అసలు విషయమే. రాత్రి ఆయా ఒక్కతే ఉన్నచోట మత్తు మాత్రే రెండో ఆయా. ఇలా వాడేవాటిలో కొత్త తరం యాంటీసైకోటిక్స్, అంటే తీవ్ర మానసిక జబ్బులకిచ్చే మందులు, మతిమరుపు ఉన్న పెద్దవాళ్లకి ఇస్తే ప్రాణాపాయం పెరుగుతుందని 2005లోనే అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ గట్టి హెచ్చరిక ఇచ్చింది. తప్పనిసరై డాక్టర్ రాస్తే ఎందుకో, ఎన్నాళ్లో, ఎప్పుడు తగ్గిస్తారో చెప్పాలి. పెద్దవాళ్లు ఉన్నట్టుండి మగతగా మారితే కుదురుకున్నారని సంబరపడకండి. మందు, ఇన్ఫెక్షన్, షుగర్ పడిపోవడం, ఈ మూడూ ముందు చూడాలి. ఇన్సులిన్ ఏడింటికి ఇచ్చి టిఫిన్ తొమ్మిదింటికి పెట్టే హోమ్‌లున్నాయి.

ప్రతి నెలా మందుల లిస్టు ఫొటో తీసి పంపమనండి. కొత్త పేరు కనిపిస్తే అడగండి.

కృష్ణలంక కుర్రాడు | బుధవారం, రాత్రి 10:15

అప్‌డేట్. సర్జన్ పచ్చటి పొర తీసేశారు. కింద లోతు ఉంది, మూడో స్టేజీ అన్నారు. ఎముక దాకా పోలేదు, అదొక్కటే ఊరట. కుడి మడమ నల్లగా కందింది. సిస్టర్ గారు చెప్పకపోతే సాక్స్ తీసేవాడిని కాదు. బరువు చేర్చినప్పటికంటే ఆరు కిలోలు తగ్గింది. ఇంకు సంగతి కూడా మీరు చెప్పినట్టే. పైగా శనివారం సాయంత్రం నాలుగింటికి "ఎడమ పక్క" అని చార్టులో ఉంది. నేను వెళ్లింది సరిగ్గా నాలుగింటికి, అమ్మ వెల్లకిలా ఉంది.

ఇవాళ అమ్మ పక్కన కూర్చుని నెమ్మదిగా అడిగాను, రాత్రి నొప్పి పుడితే బెల్ నొక్కొచ్చు కదమ్మా అని. కళ్లతో కుడివైపు చూపించింది. బెల్ గోడకి కుడివైపే ఉంది. పడిపోయిన చేతి వైపు. ఎనిమిది నెలలుగా.

మేనేజర్‌కి చూపిస్తే "అవును సార్, మేం గమనించలేదు" అన్నాడు. నేను కూడా గమనించలేదు, ఇదే గదికి నాలుగుసార్లు వచ్చాను.

మూడో కోడలు | బుధవారం, రాత్రి 10:40

చదివి ఏడుపొచ్చింది. ఆ మంచాన్ని ఇవాళే తిప్పి వేయించండి.

వార్డు సిస్టర్ | గురువారం, ఉదయం 6:20

బెల్, మంచినీళ్లు, కళ్లజోడు అన్నీ ఎడమ వైపుకి. ఇంకో మాట. పక్షవాతం వచ్చినవాళ్లకి మింగడం కూడా దెబ్బతింటుంది. బరువు తగ్గడానికి అది కూడా కారణం కావచ్చు. అన్నం పెట్టేటప్పుడు దగ్గరుండి చూడండి. దగ్గు వస్తోందా, మింగాక గొంతు నీళ్లలోంచి మాట్లాడినట్టు గరగరలాడుతోందా? పడుకోబెట్టి పెట్టకూడదు, నిటారుగా కూర్చోబెట్టి పెట్టి, తర్వాత ఓ అరగంటైనా అలాగే ఉంచాలి. ఆ తర్వాత తల వైపు మళ్లీ 30 డిగ్రీలకి దించాలి, లేకపోతే కిందికి జారుతూ పుండు ఒరుసుకుంటుంది. తిండికి ఒక ఎత్తు, పుండుకి ఒక ఎత్తు, ఇది ఆయాలకి ఓపిగ్గా చెప్పాలి. వాళ్లకి ఎవరూ నేర్పి ఉండరు.

ఊరు వదలనోడు | గురువారం, ఉదయం 9:02

తొందరపడి అన్నాను సార్. బెల్ సంగతి చదివాక మనసు బాలేదు. మూడో కోడలు గారు అడిగిన ప్రశ్నకి జవాబు, మా ఆవిడే.

కృష్ణలంక కుర్రాడు | మూడు వారాల తర్వాత, శనివారం, సాయంత్రం 6:30

అమ్మని విజయవాడ మార్చాం. పటమటలో పిన్ని ఇంటికి పది నిమిషాల దూరంలో చిన్న హోమ్, 14 మంది. లాన్ లేదు, పాత డాబా ఇల్లు. ఒకరోజు రాత్రి ఒంటిగంటకి వెళ్లి గేటు కొట్టాను, తీశారు, ఇద్దరు మేలుకునే ఉన్నారు, తిట్టుకోలేదు. పిన్ని రోజూ ఏదో ఒక వేళకి వెళ్తుంది, వేళ మాత్రం చెప్పదు. ఖర్చు నాలుగు వేలు ఎక్కువ.

పాత హోమ్‌కి లాయర్ గారు చెప్పినట్టు మెయిల్ పెట్టాను, చార్టుల కాపీలు ఇచ్చారు. కేసు వేయాలా వద్దా అని అక్కా నేనూ ఇంకా తేల్చుకోలేదు. ఆ గదుల్లో అందరికీ బెల్ ఎటువైపు ఉందో చూడమని మాత్రం రాశాను.

సిస్టర్ గారూ, ఇవాళ్టి ఫొటో మీకు విడిగా పంపాను. అంచుల్లో లేత గులాబీ రంగులో కనిపిస్తోంది, అది కొత్త చర్మమేనా?

వార్డు సిస్టర్ | శనివారం, రాత్రి 8:12

అదే నాయనా. బాగా వస్తోంది. డ్రెస్సింగ్ తీసేటప్పుడు పీకొద్దనండి, సెలైన్‌తో తడిపి తీయమనండి. మడమ ఫొటో పంపలేదేం?